తాత చనిపోయాక అటక మీదే ఉండిపోయిన తుపాకి: నాన్నకు రెండేళ్ల శిక్ష, అప్పీలు ఎలా?

గుండ్లకమ్మ
మా నాన్నకు 62 ఏళ్లు. మార్కాపురం దాటాక నల్లమల అంచున మా ఊరు. నాలుగెకరాల్లో మిరప, కంది వేస్తారు. పోయిన మంగళవారం మేజిస్ట్రేటు కోర్టులో ఆయుధాల చట్టం 25(1-బి)(ఎ), అంటే లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం కింద ఆయనకు రెండేళ్ల జైలు, ఐదు వేలు జరిమానా వేశారు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అమ్మ సరిగా తినడం లేదు.
తుపాకి మా తాతది. మందు దట్టించి కాల్చే ఒంటి గొట్టం తుపాకి. అడవి పందుల నుంచి పైరును కాపాడుకోవడానికి ఆయనకు లైసెన్సు ఉండేది. అది 2011లో అయిపోయింది. తాతకు అప్పటికే చూపు పోయింది, ఎవరూ రెన్యూవల్ చేయించలేదు. 2013లో ఆయన చనిపోయారు. తుపాకిని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టారు, అంతే. 2019 అక్టోబరులో పక్క ఊళ్లో ఎవరో దుప్పిని వేటాడారని చుట్టుపక్కల ఊళ్లన్నీ సోదా చేశారు. మా ఇంట్లో ఇది దొరికింది. మందు గానీ, గుళ్లు గానీ ఏమీ దొరకలేదు.
తీర్పు రోజునే మా వకీలుగారు అప్పీలు చేసుకుంటామని అడిగితే జడ్జిగారు నెల రోజులు శిక్ష ఆపి బెయిలు ఇచ్చారు. ఇప్పుడు వకీలుగారేమో అప్పీలు ఫీజు చెప్పి ఆలోచించుకోమంటున్నారు. బంధువులు ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటున్నారు. అప్పీలుకు వెళితే శిక్ష పెరుగుతుందని మా పెదనాన్న భయపెడుతున్నారు. నేను బెంగళూరులో ఉంటాను, శనివారం ఊరికి వెళుతున్నాను. వెళ్లాక ఏం చూడాలి, ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు
ముందు రోజులు లెక్కపెట్టుకోండి. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్ కోర్టుకు వెళ్లడానికి 30 రోజులు. హైకోర్టుకైతే 60, మీది అది కాదు. తీర్పు చెప్పిన రోజును లెక్కలో వేసుకోరు. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టినప్పటి నుంచి అది చేతికి వచ్చేదాకా పట్టిన రోజులు కూడా తీసేస్తారు. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. బెయిలు ఇచ్చింది నెల రోజులకే కదా, ఈలోగా పై కోర్టు నుంచి శిక్ష ఆపే ఉత్తర్వు రాకపోతే నాన్నగారు వెళ్లి లొంగిపోవాల్సి వస్తుంది.

ఒంగోలుగిత్త
అక్కా, తుపాకి అటక మీద ఉన్నట్టు నాన్నగారికి తెలియదని చెప్పేయండి. తెలియకుండా ఇంట్లో ఉంటే నేరం కాదని ఎక్కడో చదివాను.

చెట్టుకింద_వకీలు
జిల్లా కోర్టుల్లో పదిహేడేళ్లుగా క్రిమినల్ కేసులు చేస్తున్నాను. @ఒంగోలుగిత్త సగమే చదివారు. ఆ సూత్రం నిజమే. 1972లో గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: వస్తువు ఇంట్లో ఉంటే చాలదు, అది ఉందన్న ఎరుక, దాని మీద అదుపు ఉండాలి అని. అద్దెకిచ్చిన గదిలోనో, నలుగురు ఎక్కిన కారు డిక్కీలోనో దొరికిన కేసుల్లో ఇది బాగా పనికొస్తుంది. సొంత తండ్రి తుపాకి, సొంత ఇంటి అటక. ఇక్కడ ఆ మాట నిలబడదు.
ఇంకో సంగతి. సాక్షుల విచారణ అయ్యాక జడ్జిగారు ముద్దాయిని ప్రశ్నలడిగి జవాబులు రాసుకుంటారు, 313 వాంగ్మూలం అంటాం. అందులో నాన్నగారు ఏం చెప్పారమ్మా?

గుండ్లకమ్మ
"మా నాయన తుపాకి, ఆయన పోయాక అట్లాగే ఉంచాం, వాడలేదు" అని చెప్పారు. మా నాన్న అబద్ధం చెప్పలేరు. ఇప్పుడు చెప్పమని నేను అడగలేను కూడా.

చెట్టుకింద_వకీలు
అడగొద్దు. ఆయన చెప్పిన నిజమే ఇప్పుడు ఆయనకు పనికొస్తుంది. అప్పీలులో మాట మార్చితే మిగతా వాదనలన్నీ పలచబడిపోతాయి.
శిక్ష పెరుగుతుందన్న భయం గురించి. ముద్దాయి వేసుకున్న అప్పీలులో సెషన్స్ కోర్టు శిక్షను తగ్గించొచ్చు, కొట్టేయొచ్చు, కేసు మళ్లీ విచారించమనొచ్చు. పెంచడానికి మాత్రం ఆ అప్పీలులో వీల్లేదు. పెంచాలంటే ప్రభుత్వం విడిగా అప్పీలు వేయాలి, నాన్నగారికి నోటీసు ఇచ్చి ఆయన మాట వినాలి. మీ పెదనాన్నగారికి ఇదే మాట చెప్పండి.

రేగుపండు
అందరూ జాలి చూపిస్తున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మా చిన్నాన్న కొడుకు రాత్రి చేలో కావలి పడుకుంటే పక్క చేను అతను పంది అనుకుని నాటు తుపాకితో కాల్చాడు. తొడలో గుళ్లు దిగాయి. ప్రాణం దక్కింది గానీ ఈరోజుకీ కుంటుతూ నడుస్తాడు. ఆ తుపాకికీ లైసెన్సు లేదు. అదీ "తాతల నాటిది" అనే చెప్పారు. తాత పోయాక ఆరేళ్లు ఇంట్లో ఉంచుకోవడం చిన్న తప్పేమీ కాదు. చట్టం గట్టిగా ఉండబట్టే ఇంకా కొంతమంది భయపడుతున్నారు.

గుండ్లకమ్మ
@రేగుపండు మీ మాట కాదనను. మీ తమ్ముడి సంగతి చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంట్లో చిన్నపిల్లలు తిరిగే చోట అది ఉంది. మేం చేసింది తప్పే. నాన్న కూడా అదే అంటున్నారు, "తప్పు చేశాను, శిక్ష పడింది, పోయి వస్తాను" అని. నాకు ఆయన షుగర్ గురించే భయం. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటారు.

కందిచేను
ఆదిలాబాద్ వైపు మాది. పందుల బాధ పడినవాడికే తెలుస్తుంది. రాత్రికి రాత్రి ఎకరం కంది తవ్విపోతాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, మంగలి షాపుల నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లాం, సౌండు బాక్సు పెట్టి కుక్కల అరుపులు వినిపించాం. ఆ అరుపులకు పందులు రాలేదు గానీ ఊళ్లో కుక్కలన్నీ వచ్చి మా చేలోనే మకాం పెట్టాయి. రైతు తుపాకి పెట్టుకుంటే దొంగలా చూడడం నాకు నచ్చదు.

రిటైర్డ్_హెడ్డు
పోలీసు శాఖలో 34 ఏళ్లు చేశాను, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. @కందిచేను, రైతును దొంగలా చూసే చట్టం కాదిది. పైరు రక్షణకు మందు దట్టించే తుపాకి లైసెన్సు ఇవ్వొచ్చని ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అది చాలదని అధికారికి అనిపిస్తే ఇంకో రకం కూడా ఇవ్వొచ్చు. తుపాకి ఉంటే పందిని చంపొచ్చని మాత్రం అనుకోకండి, దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరే ఉంది.
ఇక అమ్మాయి విషయం. లైసెన్సు గడువు అయిపోయినా, ఇంకే కారణంతో తుపాకి ఉంచుకునే హక్కు పోయినా, అనవసర ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. 21వ సెక్షన్. వారసులు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఊళ్లలో ఈ ముక్క ఎవరికీ తెలియదు. కర్మకాండలు, పొలం పాసుబుక్కు మార్పిడి, బ్యాంకు లెక్కలు అన్నీ చూసుకుంటారు, తుపాకి సంగతి మరిచిపోతారు. నా సర్వీసులో ఇలాంటివి చాలా చూశాను.
ఒకటి వెతకమ్మా. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించమని నోటీసులు ఇచ్చేవాళ్లం. తీసుకున్నాక రసీదు ఇచ్చేవాళ్లం. మీ తాతగారి రసీదు పాత ట్రంకు పెట్టెలో ఎక్కడైనా ఉందేమో చూడు.

చెట్టుకింద_వకీలు
హెడ్డుగారు మంచి మాట చెప్పారు. ఆ రసీదు దొరికితే చాలా ఉపయోగం. కింది కోర్టులో పెట్టని కాగితాన్ని అప్పీలులో పెట్టుకోవడానికి అనుమతి అడగొచ్చు. అవసరమని కోర్టుకు అనిపిస్తేనే ఒప్పుకుంటుంది.
ఇప్పుడు నేను అడగబోయేది అన్నిటికంటే ముఖ్యం. తీర్పు కాపీ మీ దగ్గర ఉందా? ముద్దాయికి ఒక కాపీ ఉచితంగా ఇవ్వాలి. అందులో చివరి రెండు పేజీలు, శిక్ష గురించి జడ్జిగారు ఏం రాశారో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. పేర్లు తీసేయండి.

డాలస్_బాబాయి
ఇక్కడ అమెరికాలో ఫెడరల్ కేసుల్లో అప్పీలు చేస్తున్నామని నోటీసు ఇవ్వడానికి 14 రోజులే. మనవాళ్లకు ఒక మాట, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను. హెచ్1బి మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు ఉండడం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ వాటిని పూర్తిగా తెలుసుకోకుండా స్నేహితుడి తుపాకి పట్టుకుని ఫొటో దిగినా చిక్కే. టెక్సాస్‌లో అందరి దగ్గరా ఉంటుంది కదా అని మన పిల్లలు అనుకుంటున్నారు.

ఒంగోలుగిత్త
సంజయ్ దత్‌కు ఏకే-56 దొరికినా బయటే తిరుగుతున్నాడు, ఒక రైతుకు ఇంత కష్టమా?

చెట్టుకింద_వకీలు
ఆయన శిక్ష అనుభవించే బయటికి వచ్చారు తమ్ముడూ. టాడా (పాత ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు 2007లో ఆరేళ్లు వేసింది. 2013 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని ఐదేళ్లకు తగ్గించింది. మంచి నడవడి మీద వదిలేయమని అడిగితే నేర తీవ్రత చూపి ఒప్పుకోలేదు. మిగిలిన శిక్ష ఎరవాడ జైల్లో గడిపి, సత్ప్రవర్తన కింద వచ్చిన తగ్గింపు పోగా 2016 ఫిబ్రవరిలో విడుదలయ్యారు. అది నిషేధిత ఆయుధం. ఈ కేసుతో పోలిక లేదు.

కోర్టుమెట్లు
మా అన్నయ్యది వేరే కేసు, నాటు పిస్తోలు. ఆయన బెయిలు మీద లేడు, తీర్పు రోజే లోపలికి తీసుకెళ్లారు. మాకు ఎవరూ చెప్పలేదు, మూడు నెలలు ఊరికే పోయాయి. తర్వాత జైల్లో ఉన్న ఒకాయన చెబితే తెలిసింది, జైలు అధికారి ద్వారా కూడా అప్పీలు పంపుకోవచ్చని. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100. ఆలస్యం ఎందుకైందో అఫిడవిట్ వేస్తే కోర్టు మన్నించింది. ఆ మూడు నెలలు మా అమ్మ పడిన బాధ గుర్తొస్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అందుకే గుండ్లకమ్మ గారూ, ఒక్క రోజు కూడా పోనివ్వకండి.

గుండ్లకమ్మ
ఊరికి వచ్చాను. తీర్పు కాపీ ఉంది. చివర్లో ఇలా ఉంది, ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను:
"ముద్దాయి వయసు, ఆరోగ్యం, ముందు ఏ కేసూ లేకపోవడం పరిగణనలోకి తీసుకున్నాను. అయితే సవరించిన చట్టం ప్రకారం కనీస శిక్ష రెండేళ్లు కాబట్టి అంతకంటే తగ్గించే వీలు లేదు."
ప్రొబేషన్, అంటే జైలుకు పంపకుండా బాండు మీద వదిలేయడం గురించి ఒక్క మాట కూడా లేదు.
ఇంకొకటి. ట్రంకు పెట్టెలో తాత లైసెన్సు పుస్తకం, 2009 ఎన్నికలప్పటి రసీదు దొరికాయి. తుపాకి నంబరు, స్టేషన్ ముద్ర ఉన్నాయి. అవి చూసి నాన్న ఏడ్చారు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

చెట్టుకింద_వకీలు
అమ్మా, ఆ ఒక్క వాక్యం కోసమే తీర్పు అడిగాను. సోదా జరిగింది 2019 అక్టోబరులో అన్నారు కదా? తేదీ మరోసారి ఎఫ్ఐఆర్‌లో చూసి చెప్పండి.

గుండ్లకమ్మ
అవును, 2019 అక్టోబరే. ఎఫ్ఐఆర్‌లోనూ, మధ్యవర్తుల (సోదా సాక్షుల) నివేదికలోనూ అదే ఉంది. చార్జిషీటు వేసింది మాత్రం 2020లో.

చెట్టుకింద_వకీలు
అయితే వినండి. ఆయుధాల చట్టం సవరణ అమల్లోకి వచ్చింది 2019 డిసెంబరు 14న. దానికి ముందు ఈ సెక్షన్‌కు శిక్ష కనీసం ఒక ఏడాది, గరిష్ఠంగా మూడేళ్లు. పైగా తగిన ప్రత్యేక కారణాలు రాసి ఏడాది కంటే తక్కువ కూడా వేయొచ్చని పాత చట్టంలోనే మినహాయింపు ఉంది. సవరణ తర్వాతే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు అయింది.
నేరం జరిగిన రోజున అమల్లో ఉన్న చట్టం చెప్పిన దానికంటే ఎక్కువ శిక్ష ఎవరికీ వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణం చెబుతోంది. చార్జిషీటు ఎప్పుడు వేశారు, తీర్పు ఎప్పుడు వచ్చింది అన్నది లెక్కలోకి రాదు. మీ నాన్నగారి దగ్గర తుపాకి పట్టుకున్నది సవరణకు దాదాపు రెండు నెలల ముందు. "తగ్గించే వీలు లేదు" అని జడ్జిగారు అనుకోవడమే పొరపాటు. వయసు, ఆరోగ్యం చూశానని ఆయనే రాశారు, చేతులు కట్టేసినట్టు ఉందని కూడా ఆయనే రాశారు. ఆ కట్టు నిజానికి లేదు.

లెక్కలమాస్టారు
రెండేళ్లు అన్నది పాత చట్టంలోని ఒకటి నుంచి మూడు మధ్యనే ఉంది కదా? పీపీ (ప్రభుత్వ వకీలు) గారు "ఎలా చూసినా అది చట్టబద్ధమైన శిక్షే" అంటే?

చెట్టుకింద_వకీలు
అంటారు, అనాలి కూడా. మంచి ప్రశ్న. అంకె పరిధిలో ఉన్నంత మాత్రాన చాలదు. తక్కువ వేసే అధికారం తనకు ఉందని తెలిసి, వద్దనుకుని రెండేళ్లు వేస్తే అది ఒక తీర్పు. అధికారమే లేదనుకుని వేస్తే శిక్ష గురించి ఆలోచనే జరగనట్టు. ఆ ఆలోచనను ఇప్పుడు సెషన్స్ కోర్టును చేయమంటాం.

రిటైర్డ్_హెడ్డు
వకీలుగారూ, ఇంకో కోణం. తుపాకి డిపాజిట్ చేయకపోవడం ఇదే 25(1-బి)లో విడిగా (హెచ్) క్లాజు. దానికి శిక్ష ఇప్పటికీ ఒకటి నుంచి మూడేళ్లే. మా స్టేషన్లలో చార్జిషీటు రాసేటప్పుడు తుపాకి దొరికితే అలవాటుగా (ఎ) పెట్టేసేవాళ్లం. నిజం చెప్పాలంటే ఇలాంటి కేసుకు (హెచ్) దగ్గరగా ఉంటుంది.

చెట్టుకింద_వకీలు
వాదనగా పెట్టొచ్చు హెడ్డుగారూ. లైసెన్సు పుస్తకం, రసీదు ఉంటేనే దానికి బలం. కానీ లైసెన్సు తాతగారిది, నాన్నగారిది కాదు కాబట్టి (ఎ) కూడా వర్తిస్తుందని అవతలివాళ్లు అంటారు. దీన్ని ముందు పెట్టను, వెనక పెడతాను.

కందిచేను
తుపాకి తుప్పు పట్టి పాడైపోయిందంటే కేసే పోతుంది కదా? పాత వస్తువులకు మినహాయింపు ఉందని విన్నాను.

చెట్టుకింద_వకీలు
45వ సెక్షన్ గురించి అంటున్నారు. పాతకాలపు రకం, పురాతన విలువ ఉన్నది, లేదా పాడైపోయినది. అయితే షరతు ఉంది: మరమ్మతు చేసినా, చేయకపోయినా కాల్చడానికి పనికిరాకూడదు. ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టులో ఏముందో చూడాలి. "శుభ్రం చేస్తే కాలుతుంది" అని రాసి ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

గుండ్లకమ్మ
రిపోర్టు చూశాను. తుప్పు ఉంది గానీ చిన్న మరమ్మతు చేస్తే పనిచేస్తుంది అని రాశారు. కాబట్టి అది పోయింది.
సాక్షుల్లో వీఆర్వో గారు సోదా అప్పుడు తాను అక్కడ ఉన్నానని చెప్పారు. రెండో మధ్యవర్తి తనకు ఏమీ తెలియదని అడ్డం తిరిగారట. దాన్ని పట్టుకోవచ్చా?

చెట్టుకింద_వకీలు
గ్రౌండ్స్‌లో, అంటే అప్పీలు కారణాల్లో రాస్తారు. తుపాకి దొరికిందని నాన్నగారే ఒప్పుకున్నాక దానికి పెద్ద బలం లేదు.
దానికంటే ముందు ఇది చూడండి. 3వ సెక్షన్ ఉల్లంఘన, అంటే లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం మీద కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరుగారి ముందస్తు అనుమతి ఉండాలి. 39వ సెక్షన్. ఆ ఉత్తర్వు ఎగ్జిబిట్‌గా మార్కు అయిందా, తేదీ ఏమిటి, అందులో తుపాకి వివరాలు సరిగా ఉన్నాయా? నేను చూసిన కేసుల్లో ఈ కాగితం దగ్గర తేడాలు బయటపడ్డాయి.

గుండ్లకమ్మ
ఉంది. ఎగ్జిబిట్ పి-6. చార్జిషీటు కంటే ముందు తేదీయే, తుపాకి నంబరు కూడా సరిగ్గానే ఉంది.

చెట్టుకింద_వకీలు
అయితే దాన్ని వదిలేద్దాం. ఉన్నదాన్ని లేదని వాదించి కోర్టు సమయం పాడుచేయకూడదు. నిజంగా బలం ఉన్న రెండు మాటల మీదే నిలబడితే జడ్జిగారు వింటారు. ఒకటి 20(1). రెండోది ప్రొబేషన్. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద, మరణశిక్ష, యావజ్జీవం లేని నేరాల్లో మంచి నడవడి బాండు మీద వదిలేయడానికి కోర్టుకు వీలుంది. ఆ వీలున్న కేసులో ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో కారణాలు రాయాలి. మీ తీర్పులో అసలు ఆ మాటే లేదన్నారు. 62 ఏళ్లు, మొదటి కేసు, ఎవరికీ హాని లేదు, మందుగుండు దొరకలేదు, లైసెన్సు తుపాకికి వారసుడు. ఆయుధాల కేసుల్లో ప్రొబేషన్ ఇవ్వడానికి కోర్టులు వెనకాడతాయి, అది దాచను. అడగడం మాత్రం తప్పనిసరి.

రేగుపండు
నేను మొదట కటువుగా రాశాను. రసీదు సంగతి చదివాక నా అభిప్రాయం కొంత మారింది. తుపాకి ఇంట్లో ఉంచడం తప్పన్న మాట మీదే ఉన్నాను. కానీ ఎన్నికలకు పిలిచినప్పుడు వెళ్లి అప్పగించిన ఇల్లు, మా తమ్ముణ్ని కాల్చినవాడి ఇల్లు ఒకటి కావు. శిక్ష వేసేటప్పుడు ఆ తేడా కనిపించాలి. బాండు ఇచ్చి వదిలితే నాకు అభ్యంతరం లేదు.

గుండ్లకమ్మ
@రేగుపండు థాంక్స్. మీ తమ్ముడి సంగతి నాన్నకు చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నేను ఆ రోజే స్టేషన్‌లో ఇచ్చేసి ఉండాల్సింది" అన్నారు.

కోర్టుమెట్లు
వకీలును మార్చాలా వద్దా అని కూడా అడుగుతారు మీ వాళ్లు. మా అనుభవం: కింది కోర్టు వకీలుతో గొడవ పడి మార్చితే ఫైలు చేతికి రావడానికే నానా తిప్పలు పడ్డాం. ఆయన్నే ఉంచి, పక్కన సెషన్స్‌లో అప్పీళ్లు చేసేవారిని పెట్టుకోండి. ఫీజు విషయం మొదటి రోజే తేల్చుకోండి.

లెక్కలమాస్టారు
జరిమానా కట్టేశారా? కట్టకపోతే దాని సంగతీ పిటిషన్‌లో అడగాలి. లేకపోతే శిక్ష ఆగినా జరిమానా కోసం వారెంటు వచ్చే ప్రమాదం ఉంది.

గుండ్లకమ్మ
తీర్పు రోజే కట్టేశాం, రసీదు ఉంది.

చెట్టుకింద_వకీలు
సోమవారం చేయాల్సినవి. వకాలతు, అప్పీలు మెమో, సర్టిఫైడ్ కాపీ, శిక్ష నిలిపివేతకు ఒక పిటిషన్, తాతగారి కాగితాలకు ఇంకో పిటిషన్. నాన్నగారి షుగర్ రిపోర్టులు, డాక్టరు చీటీలు శిక్ష నిలిపివేత పిటిషన్‌కు జతచేయండి. ఇద్దరు జామీనుదార్లను సిద్ధంగా ఉంచుకోండి, ఇంటిపన్ను రసీదులు తీసుకురమ్మనండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 374, 389 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలో 415, 430. కేసు పాతది, అప్పీలు కొత్తది కాబట్టి ఏది రాయాలన్నది మీ వకీలు అక్కడి కోర్టు పద్ధతి చూసి రాస్తారు. దాని గురించి మీరు టెన్షన్ పడొద్దు.
ఇంకొక మాట. ఇక్కడ నేను చెప్పింది మీరు రాసిన నాలుగు వాక్యాలు చదివి చెప్పింది. రికార్డు మొత్తం చూసిన వకీలు మాటే చివరి మాట.

పసుపుకొమ్ము
ఇదంతా చదువుతుంటే నా చేతులు వణుకుతున్నాయి. నిజామాబాద్ వైపు మా అత్తగారి ఇంట్లో కూడా మామగారి తుపాకి బీరువాలో ఉంది. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. మా వారిని అడిగితే "అది లైసెన్సుదే కదా, ఏం కాదులే" అంటున్నారు. ఇప్పుడు తీసుకెళ్లి ఇస్తే మా మీదే కేసు పెడతారేమో?

రిటైర్డ్_హెడ్డు
లైసెన్సు మీ మామగారి పేరు మీద అమ్మా. ఆయనతోనే పోయింది. రేపే వెళ్లండి. లైసెన్సు పుస్తకం, మరణ ధృవీకరణ పత్రం జిరాక్సులు పెట్టి, తుపాకి నంబరుతో ఒక అర్జీ రాసుకుని స్టేషన్ హౌస్ ఆఫీసరును కలవండి. తుపాకిని బస్సులో మోసుకెళ్లకండి. ముందు మనిషి వెళ్లి చెప్పి, వాళ్లు ఎలా తెమ్మంటే అలా తేవాలి. మీ వారు లైసెన్సు కావాలనుకుంటే వారసుడిగా దరఖాస్తు తర్వాత పెట్టుకోవచ్చు.

చెట్టుకింద_వకీలు
ఆలస్యమైంది కాబట్టి కేసు పెట్టనే పెట్టరని నేను హామీ ఇవ్వలేను. తమంతట తాము వెళ్లి అప్పగించినవాళ్లకూ, సోదాలో దొరికినవాళ్లకూ కోర్టు దృష్టిలో చాలా తేడా ఉంటుంది. దగ్గర్లో ఉన్న ఒక వకీలును వెంట తీసుకెళ్లండి.

గుండ్లకమ్మ
అప్పీలు వేశాం. ఇరవై ఒకటో రోజు. ఈరోజు సెషన్స్ కోర్టు శిక్ష నిలిపివేసింది. పది వేల బాండు, ఇద్దరు జామీను. పెదనాన్నే వచ్చి జామీను సంతకం పెట్టారు. తాత కాగితాల పిటిషన్ మీద పీపీ గారు కౌంటరు వేస్తామన్నారు, వచ్చే నెలకు వాయిదా. జడ్జిగారు మెమో తిరగేస్తూ నేరం తేదీ ఏమిటని ఒకసారి అడిగారు. మా వకీలుగారు చెప్పారు. జడ్జిగారు రాసుకున్నారు, ఏమీ అనలేదు.
ఫలితం ఏమవుతుందో తెలియదు. నాన్న రాత్రి అన్నం తిన్నారు, అమ్మ కూడా తింది. మీ అందరికీ రుణపడి ఉంటాను.

కందిచేను
తేదీ అడిగి రాసుకున్నారంటే నాకు ధైర్యంగా ఉంది. నాన్నగారిని పొద్దున్నే ఏదో ఒకటి తిని కోర్టుకు రమ్మనండి, ఇన్సులిన్ తీసుకుని ఖాళీ కడుపుతో కూర్చోకూడదు.

పసుపుకొమ్ము
అప్పగించాం. మా వారు మొదట కోప్పడ్డారు, ఈ చర్చ మొత్తం చదివించాక లేచి చొక్కా వేసుకున్నారు. ఎస్సైగారు ఇంతకాలం ఏం చేశారని గట్టిగా అడిగారు, అర్జీ మీద ఆ కారణం కూడా రాయించుకున్నారు. రసీదు ఇచ్చారు.

రిటైర్డ్_హెడ్డు
రసీదు మీద తుపాకి నంబరు, తేదీ, స్టేషన్ ముద్ర మూడూ ఉన్నాయా?

పసుపుకొమ్ము
నంబరు, తేదీ ఉన్నాయి. ముద్ర సగమే పడింది. రేపు వెళ్లి మళ్లీ వేయించుకుంటాను.